బతికున్న అవ్వకు పదిరోజుల మైల

మద్రాసులో ఆ రోజుల్లో ఆడపిల్లల హాస్టళ్ళు నడిపిన వార్డెన్లు చాలామందే ఉన్నారు. నాకంటే చదువుకున్నవాళ్ళు, నాకంటే ఓర్పున్నవాళ్ళు, పిల్లల చేత నోరారా అమ్మా అనిపించుకున్నవాళ్ళు. కానీ నిక్షేపంలా బతికున్న మనిషికి, ఆమె బతికుందని తెలిసి తెలిసి, మనవరాలి చేత మైల పట్టించిన వార్డెన్ని మాత్రం నేనొక్కతెనే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. ఉంటే ముందుకు రావచ్చు.

ఇప్పుడు హాస్టళ్ళలో పనిచేస్తున్న అమ్మాయిలు కొందరు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. ఎదిగిన పిల్ల అబద్ధమాడుతూ దొరికిపోతే ఏం చెయ్యాలమ్మా అని అడుగుతారు. ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ అంత ఖాయంగా తెలియదు. ఏం చెయ్యకూడదో మాత్రం అనుభవం మీద చెప్పగలను.

మాది తంగసాల వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టు. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఆ వీధిలో స్థిరపడ్డాం. నేను మాటలు నేర్చింది బిందెల మధ్య. మా నాన్న ఏ చెంబు చేతికొచ్చినా ముందు వేలి కణుపుతో ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మంచి చెంబు ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాల్లో నిలిచేది. చిల్లికి మాటు వేసిన చెంబు ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. పరికిణీలు కట్టే వయసుకే నేనూ మోగించి చెప్పేయగలిగేదాన్ని. అదే విద్యతో మనుషుల్ని కూడా మోగించి చూడొచ్చని నాకొక నమ్మకం పట్టుకుంది. కొంప ముంచింది ఆ నమ్మకమే.

కొట్టులో నేర్చుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఎవరైనా వచ్చి, మేము చెప్పిన మొదటి ధరకే బేరమాడకుండా కొనుక్కుపోతే ఆ పూట మా నాన్నకి అన్నం సహించేది కాదు. "వాడెందుకు బేరమాడలేదే? తక్కువ చెప్పేశానా? దాన్లో నాకు కనపడనిది వాడికేం కనపడింది?" అని కంచం ముందు కూర్చుని గొణుక్కునేవాడు. బేరమాడే గిరాకీ కంటే బేరమాడని గిరాకీ అమ్మేవాణ్ణి ఎక్కువ భయపెడతాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నాకు వార్డెను ఉద్యోగం రావడం కూడా బేరం వల్లే. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉంటున్నాను. టి. నగర్‌లో, పాండీబజారుకు నాలుగు వీధుల అవతల ఒక తెలుగు ఆడపిల్లల బడి, దాని వెనకే హాస్టలు. అక్కడికి ఇంటర్వ్యూకి వెళితే, హెడ్మిస్ట్రెస్ గారి గదిలో వంటమామి వంకాయల ధర చెబుతోంది. ఆపుకోలేకపోయాను. "ఆ డబ్బుకి కొత్వాల్ చావిడి మార్కెట్టులో వంకాయలతో పాటు గుమ్మడికాయ కూడా ఇస్తారండీ" అన్నాను. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా సర్టిఫికెట్లు చూడకుండానే ఎప్పుడు చేరతారని అడిగారు. అది మొదలు వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే జట్కాలో మార్కెట్టుకి పోయి కూరగాయలు తేవడం నా పని, నా గర్వం.

ఆంధ్ర వేరుపడి ఎంతో కాలం కాలేదు. అయినా గూడూరు వైపు ఊళ్ళవాళ్ళకి మద్రాసే దగ్గర. కాస్త చదివించే ఉద్దేశముంటే ఆడపిల్లల్ని మా హాస్టలుకే పంపేవాళ్ళు. అలా వచ్చిన పిల్ల ఒకతి ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతోంది. సన్నంగా, పొడుగ్గా ఉండేది. తెలుగు పద్యం చదివితే వరండా అంతా వినబడేది, లెక్కల క్లాసులో మాత్రం గొంతే లేచేది కాదు. తండ్రి ఇక్కడిదాకా చదివించడానికి ఇష్టపడలేదు. నాయనమ్మ పట్టుబట్టి పంపించింది. వాళ్ళ ఊళ్ళో నాయనమ్మని అవ్వ అంటారు. "ఆడ నుంచి ఒక్క మాట వచ్చిందంటే తోలుకొచ్చేస్తా" అని తండ్రి షరతు పెట్టాడట. షరతు విషయం ఆ పిల్లే నాకు చెప్పింది. అప్పట్లో నాకు అన్నీ చెప్పేది.

ఆ ఏడు హెడ్మిస్ట్రెస్ గారు చండశాసనంగా ఉన్నారు. దొంగ సెలవుచీటీ తెచ్చిన ఒక పిల్లని అప్పటికే బడిలోంచి పంపించేశారు. అర్ధసంవత్సర పరీక్షలో పాసైతేనే పబ్లిక్ పరీక్షకి పేరు పంపిస్తానని ప్రార్థన దగ్గర మరీ మరీ చెప్పారు.

లెక్కల పరీక్ష రోజు నా మార్కెట్టు రోజు కూడా. కొత్వాల్ చావిడిలో ఆ పిల్ల ఊరాయన ఒకాయన నిమ్మకాయలు లారీకెత్తుకొచ్చి అమ్మేవాడు. మా పిల్లలంతా ఆయన్ని నిమ్మకాయల మామ అనేవాళ్ళు. నన్ను చూడగానే బస్తా వెనక నుంచి గుడ్డ కట్టిన జాడీ ఒకటి తీశాడు.

"అమ్మణ్ణీ, ఇదో, మా పాపకి వాళ్ళవ్వ ఇచ్చిపంపింది. నిమ్మకాయ ఊరగాయ. నిన్న పొద్దుగూకే యాళకి లారీ కాడికి ఆమే మోసుకొచ్చింది. వార్డెనమ్మని నాలుగు ముక్కలు తీసుకోమని చెప్పమనింది."

"నాలుగేనా?"

"ఆమె అనింది నేను చెప్తా ఉండా. నాతో బేరమాడబాక. ఆమెతో ఆడుకో, ఎవురు గెలస్తారో చూస్తాం."

జాడీ తెచ్చి నా గదిలో బల్ల కింద పెట్టాను. పరీక్షయ్యాక పిల్లకిద్దామనుకున్నాను. నేను స్నానం చేసి వచ్చి కూర్చున్నానో లేదో, లెక్కల టీచరమ్మ ఆ పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ గుంటూరావిడ. మాట సూటి, చేతిలో బెత్తం.

"తీసుకోండి మీ పిల్లని. వాళ్ళ నాయనమ్మ పోయిందంటండీ. ఎప్పుడనుకున్నారు? ప్రశ్నపత్రం చేతికిచ్చాక! అందులో మూడో లెక్క చూసేసరికి పోయిందావిడ."

పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను మెల్లగా మోగించాను.

"ఎప్పుడు పోయిందమ్మా?"

"మొన్న సాయంత్రం, వార్డెనమ్మా."

"ఎవరు చెప్పారు?"

"నిమ్మకాయల మామ. పొద్దున గేటు కాడికొచ్చి చెప్పి పోయినాడు. అవ్వకి జొరమొచ్చిందంట. కషాయం పోస్తే వద్దనిందంట. నాయన డాక్టరు కోసరం సైకిల్లో పోయినాడంట, ఆ సైకిలుకి గాలి లేదంట. అంతా అయిపోయిందంట, నన్ను రావద్దన్నారంట, చదువు చెడిపోతాదని..."

సైకిలుకి గాలి లేకపోవడంతో నాకు పూర్తిగా అర్థమైంది. మంచి సరుక్కి అన్ని మాటలు అక్కర్లేదు. పైగా మొన్న పోయిన మనిషి నిన్న సాయంత్రం లారీ దాకా జాడీ మోసుకొచ్చింది. ఆ జాడీ నా కాళ్ళ దగ్గరే ఉంది. కాలు కాస్త చాపితే తగులుతుంది.

లెక్కల టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, "మీరు గారం చేస్తారని తెలుసు. కానీ ఇలాంటివాటికి ఇదే మందు" అని బెత్తం చూపించింది. నాకు పౌరుషం వచ్చింది. దెబ్బ కొట్టకుండా ఈ పిల్ల నోటితోనే నిజం కక్కిస్తాను, ఈవిడ చూస్తుండగా కక్కిస్తాను అనుకున్నాను. అప్పుడే మా నాన్న గుర్తొచ్చాడు, అన్నం ముందు గొణుక్కుంటూ. సరే, నేనీ అబద్ధాన్ని బేరమాడకుండా, చెప్పిన ధరకే కొనేస్తాను అనుకున్నాను. రేపు పొద్దుటికల్లా అమ్మిన మనిషే భయపడి సరుకు వెనక్కి తీసుకుంటుంది.

"అయ్యో నా తల్లీ!" అని లేచాను. చేతులు చాపి, మళ్ళీ నాలుగడుగులు వెనక్కి వేశాను. "ముట్టుకోకూడదు కదా, మైల. తండ్రి తల్లి, పదిరోజులు. వేరే చాప, వేరే కంచం. తలకి నూనె లేదు, పువ్వు లేదు, పూజగది వైపు పోకు. మా తల్లే, మీ అవ్వకి ఏ లోటూ జరగనివ్వను."

పిల్ల ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు పెద్దవి చేసుకుని నా వంక చూసింది. ఆ చూపు చూసి నేను లోపల్లోపల చంకలు గుద్దుకున్నాను.

మర్నాడు పొద్దున సరుకు వెనక్కి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నా లెక్కలో తప్పెక్కడుందంటే, మా కొట్టులో గిరాకీ ఒక్కడే ఉండేవాడు. ఇక్కడ నలభైమంది పిల్లలు. నేను కొన్నాను గనక వాళ్ళంతా కొన్నారు. ఒకతి తన తువ్వాలు ఇచ్చింది, ఒకతి నోట్సు రాసిపెట్టింది. వంటమామి తమిళావిడ, మా దగ్గర తెలుగు నేర్చుకుంది. "పావం కొళంద, పాట్టి పోనా ఎవరు ఉండారు?" అని తన పాట్టిని, అదే అమ్మమ్మని, తలుచుకుని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ రోజు సాంబారు మాడింది. ఎవరూ ఒక్క మాటనలేదు. చివరికి లెక్కల టీచరమ్మే బెత్తం లేకుండా వచ్చి, "ఏదో అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు. పరీక్ష తర్వాత రాద్దువు గాని, ఈలోగా నేను చెబుతాను" అని చాపకి అంత దూరంలో పీట వేసుకుని కూర్చుంది. మూడో లెక్కతోనే మొదలుపెట్టింది.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించారు.

"విచారించారా?"

అక్కడ చెప్పేసి ఉండాల్సింది. కానీ చెబితే అప్పటికప్పుడే పిల్లని పంపించేస్తారు. నిజం కక్కించిన ఘనత నాకు దక్కదు. రెండిట్లో ఏది ముందు ఆలోచించానో అడక్కండి.

"విచారించానండీ. నిజమే" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, "ఆ తండ్రికి నేనే నాలుగు మాటలు రాస్తాను" అన్నారు. ఆ కార్డు పోస్టులో పడుతుందని నాకు తట్టనే లేదు. బేరంలో మునిగిన మనిషికి చుట్టుపక్కల ఏమీ కనబడదు.

ఇక పిల్ల సంగతి. సగం అన్నం వదిలేస్తోంది. తెల్లవారుజామునే లేచి, పూజగది వైపు పోవద్దన్నాను గనక, పెరట్లో తులసికోట చుట్టూ తిరుగుతోంది. పెదాలు కదుపుతూ తిరిగేది. కిటికీలోంచి చూసి, అబ్బో, నాటకం రక్తి కట్టిస్తోంది అనుకున్నాను. ఎంతెంత దొంగ సరుకు చూశాను నేను, ఈ ఏడుపు నాకు తెలియదా! అలా అనుకుంటూ ఊరగాయ జాడీ మూత తీసేదాన్ని. నా వంతు నాలుగు ముక్కలు మొదటి పూటే అయిపోయాయి. తర్వాతివి జప్తు కింద తింటున్నాను. ఆ ఊరగాయ గురించి ఒక్క మాట చెప్పాలి. అంత మంచి ఊరగాయ నేను మళ్ళీ తినలేదు.

ఒక సాయంత్రం ఆ పిల్ల నా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, మైల కదా. చీరంచు వేలికి చుట్టుకుంటోంది.

"వార్డెనమ్మా, నోటితో అన్న మాట నిజమవుతాదా?"

దిగొచ్చింది! కొట్టులో పెరిగినదాన్ని, ఎదుటివాడు ధర తగ్గడం మొదలుపెడితే ఇంకాస్త నొక్కాలనే అలవాటు ఎక్కడికి పోతుంది? నొక్కాను.

"అవుతుంది తల్లీ. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. చెడ్డ మాట నోట వచ్చిందా, తథాస్తు అనేస్తారు. ఏం, ఎందుకడిగావు?"

ఆమె ముఖం సున్నం కొట్టినట్టయింది. పెదాలు విడివడ్డాయి. ఇక చెబుతుంది అనుకున్నాను. "ఊరికే" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నమే తినలేదని మామి చెప్పింది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకున్నాను.

మైల ఇంకా తీరనేలేదు, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ. వెళ్ళి చూస్తే, పొట్టిగా, గట్టిగా, ముక్కుకి రెండు వైపులా బేసరి పెట్టుకున్న ముసలావిడ. వెనకాల నిమ్మకాయల మామ తల గోక్కుంటూ నిలబడ్డాడు. వంటమామి దారికి అడ్డంగా నిలబడి, "యారు వేణుమమ్మా? ఎవరు కావాలి?" అంటోంది.

"ఎవురూ వద్దు. ఈడ నాకు మైల పడతా ఉండారంట. బాగా చేస్తా ఉండారో లేదో చూసి పోదామని వచ్చినా."

మామి చేతిలో చేట జారి పడింది.

హెడ్మిస్ట్రెస్ గారి కార్డు వాళ్ళింటికి చేరింది. కొడుకు ఇంట్లో లేడు. పోస్టుమాను ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని అవ్వకి చదివి వినిపించాడు. "మీ మాతృమూర్తి మరణవార్త విని..." దాకా వచ్చి, చదవడం ఆపి ఆవిడ ముఖంలోకి చూశాడట. "చదవరా అబ్బయా, ఇంకా ఏం రాసినారో విందాం" అందట ఆవిడ. విన్నాక, కొడుకు రాకముందే లారీ ఎక్కేసింది.

హెడ్మిస్ట్రెస్ గారి గదిలో అవ్వకి కుర్చీ వేశారు. పిల్లని పిలిపించారు. పిల్ల గుమ్మంలోకి వచ్చి, చూసి, అలాగే నిలబడిపోయింది. తర్వాత ఒక్క పరుగున వచ్చి అవ్వ చేతులు, భుజాలు, బుగ్గలు తడిమింది.

"ఏందే, వంకాయలు ఏరతా ఉండావా? బతికే ఉండాలే, ఉండా" అంది అవ్వ.

హెడ్మిస్ట్రెస్ గారి ముఖం ఎర్రబడింది. "పరీక్ష ఎగ్గొట్టడానికి ఇంత అబద్ధమా? ఇంతమందిని ఏడిపించి! చూడండమ్మా, ఈ బడిలో ఒక నియమం ఉంది. ఈ రోజే పేరు కొట్టేస్తున్నాను. మీతో పాటు తీసుకెళ్ళండి."

ఆవిడ కలం మూత తీశారు. తీసుకెళ్ళడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ తండ్రి మళ్ళీ పంపడు. పద్యాలూ లెక్కలూ అన్నీ అక్కడితో సరి.

అవ్వ పిల్ల ముఖం చూసింది. కలం చూసింది. చూసి, తాపీగా పమిట సవరించుకుంది.

"ఆగమ్మా తల్లీ. పాప అబద్ధం యాడ చెప్పింది? నన్ను కాకి తన్నింది."

"కాకా?"

"కాకే. దొడ్లో వడియాలు ఎండబెడతా ఉంటే నెత్తిన తన్ని పోయింది. కాకి తంతే దోషం కదా. దగ్గిరోళ్ళకి చావు కబురు పంపించాల. వాళ్ళు నిజమనుకుని ఏడిస్తే ఆ దోషం పోతాది. అందుకని నేనే నిమ్మకాయలాయన చేత పాపకి కబురంపించినా. మళ్ళా నిజం చెప్పి పంపేది మరిసిపోయినా. ముసలిదాన్ని."

ఎంత చక్కటి సరుకు! ఎక్కడా మాటు లేదు. మా ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే. మా మేనత్తను కాకి తన్నితే తంగసాల వీధి వీధంతా ఓ పూట ఏడ్చింది. పిల్ల బయటపడుతుంది. పిల్లతో పాటు "విచారించానండీ, నిజమే" అన్న నేను కూడా బయటపడతాను. ఇంత చవగ్గా వస్తుంటే వదులుతానా?

"అవునండీ, మా వైపు కూడా ఇదే ఆచారం. పిల్లకేం తెలుస్తుంది, పాపం" అని నేనూ ఒక చెయ్యి వేశాను.

హెడ్మిస్ట్రెస్ గారు మూఢనమ్మకాల మీద రెండు మాటలు విసుక్కున్నారు. కానీ కలం మూత పెట్టేశారు. "అయితే పిల్ల తప్పేం లేదన్నమాట."

"కాకి తన్నలేదు."

పిల్ల గొంతు. లెక్కల క్లాసులో గొంతు.

"గమ్మునుండు. నువ్వు ఆడ ఉండావా చూసేదానికి?" అంది అవ్వ.

"కాకి తన్నలేదవ్వా. మామ నాకేం చెప్పలేదు. నేనే అన్నా. లెక్క రాలేదు, ఏడుపొచ్చింది, టీచరు ఎందుకేడస్తా ఉండావంటే నోట్లో అదే వచ్చింది. అన్నాక నిజమవుతాదేమోనని దినామూ తులసమ్మ చుట్టూ తిరిగినా, నిన్ను ఏం చెయ్యొద్దని. నువ్వు నా కోసరం అబద్ధం చెప్పబాక. నాది ఒకటి చాలు."

నేను నాటకమనుకున్న తులసికోట ప్రదక్షిణలు అందుకన్నమాట. ఖంగుమని మోగిన చెంబుని చెవి దగ్గర పెట్టుకుని మాటుపడిందని పక్కన పడేశాను.

అవ్వ పిల్ల తల మీద చెయ్యి వేసి, నూనె లేక ఎండిపోయిన జుట్టు నిమిరింది. "సరేలే. ఊరగాయన్నా తిన్నావా?" అంది.

"ఏ ఊరగాయ?"

"అదేందే! నిమ్మకాయలాయన చేత పంపితినే, పరీక్ష దినం పొద్దున్నే ఇచ్చినానన్నాడే. వార్డెనమ్మ నాలుగేనా అని బేరం కూడా ఆడిందంట."

ముగ్గురి చూపులూ నా వైపు తిరిగాయి. జీవితంలో ఎన్ని బేరాలాడానో గుర్తులేదు. ఆ ఒక్క బేరం మాత్రం నన్ను పట్టించింది.

"జాడీ ఎక్కడుంది?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, చాలా నెమ్మదిగా.

గుమ్మం దగ్గర నిలబడ్డ మామి వెళ్ళి తెచ్చింది. అవ్వ గుడ్డ విప్పి లోపలికి తొంగి చూసింది. అడుగున రసం, రెండు మూడు గింజలు. "నాలుగు ముక్కలని కదా చెప్పినా" అంది. కోపంగా అనలేదు. లెక్క తప్పిందే అన్నట్టు అంది.

పిల్ల జాడీ వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది.

"మీకు మొదటి దినమే తెలుసా?"

"తెలుసు."

"నేను మీ గుమ్మం కాడికొచ్చి అడిగినప్పుడు కూడా?"

"తెలుసు" అన్నాను.

ఆమె తల తిప్పుకుంది. అంతే. నన్ను ఒక తిట్టు తిట్టి ఉంటే ఎంతో చవగ్గా పోయేది.

హెడ్మిస్ట్రెస్ గారి తీర్పు గట్టిగానే ఉంది, కానీ పేరు కొట్టెయ్యలేదు. పిల్ల కొత్త ప్రశ్నపత్రంతో ఆవిడ గదిలో ఒంటరిగా కూర్చుని లెక్కలు రాయాలి. పాసైతేనే పబ్లిక్ పరీక్షకి పేరు పంపుతారు. మర్నాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ జరిగింది చెప్పాలి. "మీరు కూడా" అని నా వైపు చూశారు. "ఆమె పక్కనే నిలబడి." మార్కెట్టు పని కూడా నా నుంచి తీసేశారు. "అబద్ధమని తెలిసీ నిజమేనని చెప్పిన మనిషి తెచ్చే ధరలు నేను ప్రతిసారీ విచారించుకోలేను కదా" అన్నారు. ఆ మాట న్యాయమే గనక ఎక్కువ నొప్పెట్టింది.

మర్నాడు పొద్దున ఇద్దరం నిలబడ్డాం. పిల్ల తల ఎత్తి, ఉన్నదున్నట్టు చెప్పి, తువ్వాలిచ్చినవాళ్ళనీ నోట్సు రాసినవాళ్ళనీ పేరుపేరునా క్షమించమంది. తర్వాత నా వంతు. "నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఏడిపించాను. హెడ్మిస్ట్రెస్ గారికి అబద్ధం చెప్పాను" అన్నాను. చిన్న క్లాసు పిల్లలు కిసుక్కుమన్నారు. లెక్కల టీచరమ్మ వాళ్ళ వైపు ఒక్క చూపు చూసింది, ఆగిపోయారు. ఆవిడ బెత్తానికి నేను మొదటిసారి కృతజ్ఞత చెప్పుకున్నాను.

లెక్కలు ఆమె బాగానే రాసింది, కానీ చాలినంత బాగా కాదు. కొద్దిలో పోయింది. ఆ ఏడు పేరు పంపలేదు. ఒక సంవత్సరం అలా పోయింది.

తండ్రి వచ్చాడు, పెట్టె సర్దుకోమన్నాడు. అవ్వ మళ్ళీ వచ్చి ఉంది. హాస్టలు మెట్ల మీద బైఠాయించింది. అసలైన బేరగత్తె అంటే ఎవరో ఆ రోజు చూశాను.

"చాలమ్మా, పరువు పోయింది, ఇంక పోదాం" అన్నాడతను.

"అబద్ధం చెప్పిన దినం తోలుకపోయింటే నేను నోరెత్తేదాన్ని కాదు. నిజం చెప్పినాక తోలుకపోతే, రేపు ఏ బిడ్డ నిజం చెప్తాదిరా?"

అతను ఏదో అనబోయి, కూతురి వైపు చూసి, పెట్టె కింద పెట్టేశాడు. నేను గోడ చాటున నిలబడి విన్నాను. బేరం ముగించే పద్ధతి అలా ఉండాలి. ఒకే మాట, దాని మీద మరో మాట లేకుండా.

తర్వాతి ఏడాది లెక్కల టీచరమ్మ రోజూ సాయంత్రం ఆమెకి చెప్పింది. పిల్ల పాసైంది. ఆ ఏడాదంతా నాతో మర్యాదగానే ఉంది. పిలిస్తే పలికేది, చెప్పిన పని చేసేది. నా గుమ్మం దగ్గరికి వచ్చి ఏదీ అడగడం మాత్రం మళ్ళీ లేదు. ఎవరైనా పిల్ల గుమ్మంలో నిలబడి చీరంచు వేలికి చుట్టుకుంటే, ఇప్పటికీ నేను చేస్తున్న పని వదిలేసి ముందు కూర్చోబెడతాను.

ఊరికి వెళ్ళే రోజు వచ్చి చెప్పి వెళ్ళింది. బల్ల మీద కొత్త జాడీ పెట్టింది.

"అవ్వ పంపించింది. మొత్తం మీకేనంట."

నేను లోపలికెళ్ళి చిన్న గిన్నె తెచ్చాను. నాలుగు ముక్కలు లెక్కపెట్టి వేసుకుని, గుడ్డ మళ్ళీ కట్టి జాడీ ఆమె చేతికే ఇచ్చేశాను. ఆమె జాడీ వైపు చూసి, నా వైపు చూసి, నవ్వింది. అది క్షమించడమో, ఈవిడ మారిందే అనుకోవడమో నేను మోగించి చూడలేదు. ఆ అలవాటు మానేశాను.

ఇక బిల్లు. ఆ పిల్ల ఆడిన అబద్ధం ఒకటి, దానికామె కట్టింది ఒక సంవత్సరం. అందులో సగానికి పైగా ఆమె బాకీ కాదు, నా బేరం మీద పెరిగిన ధర. నాకు కొత్వాల్ చావిడి పోయింది, హాస్టలు పిల్లలు చాలాకాలం ముదురు వంకాయలు తిన్నారు, అదీ నా ఖాతాలోదే. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కాకి చలవో తులసికోట చలవో, ఆ లాభంలో నాకు వాటా లేదు. ఆ పిల్లకి నిజాయితీ నేనే నేర్పానని రాసుకుందామని ఎన్నోసార్లు చూశాను, ఏ వైపు రాసినా లెక్క కలవదు. మొదటి రోజు బల్ల కింద నుంచి జాడీ తీసి, "ఇదుగో, మీ అవ్వ పంపింది, ముందు అన్నం తిను, తర్వాత మాట్లాడుకుందాం" అని ఉంటే ఎంతయ్యేది? నాలుగు ముక్కల ఊరగాయ. అది కూడా అవ్వ ముందే ఇచ్చేసి ఉంది.